సముద్రం కనబడుతున్నా అందని దేశం: రాజ్యం కాకముందు మాంటెనెగ్రోలో ఏడు రోజులు

ఆగ్నేయ యూరప్‌లోని చిన్న దేశం మాంటెనెగ్రో వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది బుద్వా బీచ్‌లు, కోటోర్ అఖాతం చూసి తిరిగొచ్చేస్తారు. ఆ తీరంలో చాలా భాగం 1918 దాకా మాంటెనెగ్రోది కానే కాదు, ఆస్ట్రియాది. అసలు మాంటెనెగ్రో ఆ తీరం వెనక గోడలా లేచిన సున్నపురాయి కొండల పైన ఉండేది. 1852 మార్చి 13న సంస్థానంగా (రాజు కాక ప్రిన్స్ ఏలే దేశంగా) ప్రకటించుకున్నప్పటి నుంచి 1910 ఆగస్టు 28న రాజ్యమయ్యేదాకా, 58 ఏళ్ళపాటు ఆ దేశం పట్టిన పట్టు ఒక్కటే: కొండ దిగి మైదానానికి, మైదానం దాటి సముద్రానికి చేరడం. రష్యా-తుర్కీ యుద్ధం ముగిశాక యూరప్ పెద్ద రాజ్యాలు కుదిర్చిన 1878 బెర్లిన్ ఒప్పందానికి ముందు దాని విస్తీర్ణం దాదాపు 4,400 చదరపు కిలోమీటర్లు. ఒప్పందం తర్వాత 9,475. అంత పెరిగాక కూడా మన పాత ఉమ్మడి కృష్ణా జిల్లా కంటే కాస్తే పెద్దది.

ఈ ఏడు రోజుల దారిని ఆ సరిహద్దు జరిగిన క్రమాన్ని బట్టే వేశాం. మొదట పరాయి రేవు, తర్వాత పాత కొండసీమ, ఆ తర్వాత 1858లో, 1878లో, 1880లో కలిసిన ఊళ్ళు. భూగోళం ఒప్పుకోని ఒకటి రెండు చోట్ల మాత్రమే వరుస తప్పుతుంది.

బయల్దేరే ముందు కొన్ని విషయాలు. భారతీయ పాస్‌పోర్టుకి వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న షెంగెన్, అమెరికా లేదా బ్రిటన్ వీసా ఉంటే దానిమీదే 30 రోజుల వరకు అనుమతిస్తున్నారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు సరిచూసుకోవాలి. దేశంలో అడుగుపెట్టిన 24 గంటల్లో బస వివరాలు నమోదు కావాలి. హోటళ్ళు ఆ పని తామే చేస్తాయి. అపార్ట్‌మెంట్ తీసుకుంటే యజమానిని అడిగి చేయించుకోవాలి, లేకపోతే తిరిగి వెళ్ళేటప్పుడు జరిమానా పడొచ్చు. కరెన్సీ యూరో. చిన్న మ్యూజియంల దగ్గర చిల్లర నోట్లు ఉంటే మంచిది. కారు అద్దెకు తీసుకునేవాళ్ళు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉంచుకోవాలి, పగలు కూడా హెడ్‌లైట్లు వేసుకోవాలి. పెద్ద ఎస్‌యూవీ వద్దు. ఈ రోడ్లకు ఎంత చిన్న కారైతే అంత సుఖం. మే, జూన్, సెప్టెంబరు నెలలు అనుకూలం. లోవ్చెన్ పర్వతం మీద ఏప్రిల్ దాకా మంచు ఉండొచ్చు.

మొదటి రోజు: కోటోర్

తివాత్ విమానాశ్రయం నుంచి కోటోర్ ఎనిమిది కిలోమీటర్లు. వెనీస్ రిపబ్లిక్ 1797లో కూలాక ఈ రేవు ఆస్ట్రియా, రష్యా, ఫ్రాన్స్ చేతులు మారింది. 1813లో మాంటెనెగ్రో బిషప్-పాలకుడు మొదటి పీటర్ ఫ్రెంచివాళ్ళను వెళ్ళగొట్టి, అఖాతం ప్రజలతో కలిసి ఒకే దేశంగా ఉండాలని ప్రకటించాడు. ఏడాది తిరక్కుండానే పెద్ద రాజ్యాలు దాన్ని ఆస్ట్రియాకి కట్టబెట్టాయి. సంస్థానం కథ మొత్తం మీద ఈ దెబ్బ నీడ ఉంటుంది.

కొండ మీది జనానికి మాత్రం సరుకులకు కోటోరే గతి. ఎండబెట్టి పొగపట్టిన మాంసం, జున్ను, కట్టెలు, బంగాళాదుంపలు గాడిదల మీద దించుకొచ్చి ప్రాకారం బయట అమ్మేవారు, ఉప్పు కొనుక్కుని ఎక్కేవారు. ఆయుధాలతో ఊళ్ళోకి రానిచ్చేవారు కాదు, ద్వారం దగ్గర అప్పగించాల్సిందే. బంగాళాదుంపను ఆ కొండల్లోకి తెచ్చింది మొదటి పీటరే. కరువుసీమలో ఆయన గెలిచిన యుద్ధాలకంటే అదే ఎక్కువమందిని బతికించిందని మా నమ్మకం.

సముద్రద్వారం ముందున్న రేవు ఒడ్డున కాసేపు నిలబడండి. 1860 ఆగస్టు 12 సాయంత్రం సంస్థానపు మొదటి ప్రిన్స్ అయిన దానిలో పెట్రోవిచ్‌ను ఈ ఒడ్డునే తుపాకీతో కాల్చారు. భార్య దారింకా సముద్రస్నానాల కోసం ఈ తీరంలో బస చేసి ఉంది. ప్రిన్స్ దానిలో మర్నాడు చనిపోయాడు. కాల్చిన తోదోర్ కాదిచ్ బ్యెలోపావ్లిచి తెగవాడు, దేశం విడిచి వచ్చినవాడు. ఆస్ట్రియా అధికారులు అతణ్ణి ఉరితీశారు. అతని పగకు మూలం మూడోరోజు అప్పటి రాజధాని త్సెటిన్యేలో తెలుస్తుంది.

ఎండ తగ్గాక సెయింట్ జాన్ కోటకి ఎక్కండి. సుమారు 1,350 మెట్లు, 260 మీటర్ల ఎత్తు, నీళ్ళు తప్పనిసరి. పైనుంచి అందరూ అఖాతం వైపే ఫొటోలు తీస్తారు. వెనక్కి తిరిగి కొండవైపు చూడండి. రాతిమీద అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పోయే సన్నటి గీత కనిపిస్తుంది. బండి రోడ్డు పడేదాకా మాంటెనెగ్రోకి రాజమార్గం ఆ కాలిబాటే. రాజు పెళ్ళికూతురు దగ్గర్నుంచి రష్యా పంపిన పుస్తకాల దాకా అన్నీ దాని మీదుగానే పైకి చేరాయి.

రెండో రోజు: మెలికల రోడ్డు, న్యెగుషి, లోవ్చెన్

ఉదయం ఎనిమిదిలోపు బయల్దేరాలి. కోటోర్ నుంచి పైకెక్కే పాత రోడ్డులో వరసగా 25 పెద్ద మలుపులు, ప్రతి మలుపుకీ నంబరు. తొమ్మిది దాటితే క్రూయిజ్ ఓడల నుంచి దిగినవాళ్ళ బస్సులు మొదలవుతాయి. బస్సు తిరగాలంటే మలుపు మొత్తం వెడల్పు కావాలి. ఎదురుగా బస్సు కనబడితే మలుపులోకి దూరకుండా ముందే, కాస్త వెడల్పున్న చోట ఆగిపోండి. మలుపు మధ్యలో ఇరుక్కుంటే రివర్స్ చేయాల్సింది మీరే. గేరు రెండో దానిలో ఉంచితే చాలు.

1880ల్లో మాంటెనెగ్రో వైపు ఈ రోడ్డును మలిచింది ఇప్పటి క్రొయేషియాలోని త్రోగిర్‌కు చెందిన ఇంజనీరు యోసిప్ స్లాదే. ఒక మలుపు రాణి మిలెనా పేరులోని మొదటి అక్షరంలా వచ్చేట్టు వేశాడని చెప్పుకునే కథ ఇప్పటికీ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా రోడ్డు వాలు చూడండి. ఎక్కడా విపరీతమైన నిలువు లేదు. గుర్రపుబండి, ఆ తర్వాత మోటారు, రెండూ ఎక్కగలిగేట్టు కొలిచి వేసిన వాలు అది. ఈ రోడ్డుతోనే దేశంలోకి పియానోలు, అద్దాలు, రాయబారులు చేరారు. 2023లో మొదలైన కోటోర్–లోవ్చెన్ కేబుల్ కారులో 11 నిమిషాల్లో పైకి చేరిపోవచ్చు. చరిత్ర కోసం వచ్చినవాళ్ళు మాత్రం రోడ్డు వదలకూడదు. నడవగలిగినవాళ్ళకి పాత కాలిబాట ఇంకా మంచిది. కోటోర్ ఉత్తర ద్వారం దాటి, ష్కుర్దా వాగు పక్కన మొదలవుతుంది. క్రస్తాట్స్ కనుమ దాకా ఎక్కడానికి మూడు గంటలు పడుతుంది, నీడ తక్కువ, రాళ్ళు కదులుతాయి, చెప్పులతో పనికాదు.

కనుమ దాటగానే సముద్రం మాయమై రాళ్ళ మధ్య గిన్నెలాంటి మైదానం వస్తుంది. అదే న్యెగుషి, దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న పల్లె. 1697 నుంచి 1918 దాకా ఏలిన పెట్రోవిచ్-న్యెగోష్ వంశం పుట్టిల్లు ఇదే. మొదట్లో వాళ్ళు రాజులు కారు, ఆర్థడాక్స్ బిషప్‌లు. బిషప్ సన్యాసి కాబట్టి పెళ్ళి లేదు, అధికారం వంశంలోనే తమ్ముడి కొడుక్కో అన్న కొడుక్కో పోయేది. కవి-బిషప్ రెండో పీటర్ న్యెగోష్ ఇల్లు మ్యూజియంగా ఉంది. ఆఖరి పాలకుడు నికోలా 1841లో పుట్టింది కూడా ఈ పల్లెలోనే.

ఊరంతా పొగపట్టిన పందిమాంసం వాసన. మాంసం తినని మనవాళ్ళకి ఇక్కడి జున్ను, తేనెతో పెట్టే ప్రిగానిత్సే అనే పిండిబూరెలు ఉన్నాయి. కచమాక్ కూడా అడగొచ్చు. బంగాళాదుంపలు, మొక్కజొన్నపిండి కలిపి ఉడికించి, మీగడ జున్నుతో మెదిపి ఇస్తారు. ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది.

మధ్యాహ్నం లోవ్చెన్ పర్వతం మీది యెజెర్స్కి శిఖరం, 1,657 మీటర్లు. కారు ఆపిన చోటు నుంచి 461 మెట్లు. గాలి జోరుగా ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో కూడా జాకెట్ కావాలి. న్యెగోష్ తన సమాధి కోసం 1845లో ఇక్కడ చిన్న గుడి కట్టించుకున్నాడు. 1851లో క్షయతో చనిపోతే, తుర్కులు (ఒట్టోమన్ సామ్రాజ్యం వాళ్ళు) సమాధిని పాడుచేస్తారన్న భయంతో నాలుగేళ్ళు కిందే ఉంచి, 1855లో ప్రిన్స్ దానిలో పైకి చేర్చాడు. ఇప్పుడున్న సమాధి మందిరం శిల్పి ఇవాన్ మేష్ట్రోవిచ్ రూపకల్పన, 1974లో తెరిచారు. దాని కోసం ఆ గుడిని కూల్చిన వివాదం ఇంకా చల్లారలేదు. లోపల నల్ల గ్రానైట్ న్యెగోష్ విగ్రహం 28 టన్నులు.

వెనకవైపు గుండ్రటి అరుగు దాకా నడవండి. ఒకవైపు కోటోర్ కొండలు, మరోవైపు స్కదార్ సరస్సు ఒకేసారి కనబడే చోటు అది. 1852లో ఈ శిఖరం మాంటెనెగ్రోదే. కింద మెరిసే అఖాతం ఆస్ట్రియాది, సరస్సు చుట్టూ పల్లపు భూములు ఒట్టోమన్లవి. రాత్రికి త్సెటిన్యే చేరండి, 20 కిలోమీటర్ల లోపే.

మూడో రోజు: త్సెటిన్యే

ఈ ఊరికి పూర్తిరోజు ఇవ్వాలి. తీరం నుంచి వచ్చే టూర్ బస్సులు రెండు గంటల్లో ముగించేస్తాయి, ఏమీ మిగలదు. 670 మీటర్ల ఎత్తున ఉన్న ఈ బల్లపరుపు మైదానంలో వాన కుండపోతగా కురుస్తుంది, అయినా ఊళ్ళో నది లేదు. పడిన నీరంతా సున్నపురాయి పగుళ్ళలోకి ఇంకిపోతుంది. పంట చాలకపోవడానికి, తొట్లలో నీళ్ళు పట్టుకుని బతకడానికి, మైదానాల కోసం తరతరాలు కొట్లాడడానికి మూలకారణం ఆ రాయి.

మఠంతో మొదలుపెట్టండి. మోకాళ్ళు, భుజాలు కప్పుకోవాలి, లోపల ఫొటోలు కుదరవు. 1484లో అప్పటి పాలకుడు ఇవాన్ త్స్రనోయెవిచ్ కట్టించిన అసలు మఠం 1692లో నాశనమైంది. ఇప్పటిది 18వ శతాబ్దం మొదట్లో, కొంచెం పక్కగా కట్టింది. మొదటి పీటర్ భౌతికకాయం, ప్రిన్స్ దానిలో సమాధి ఇక్కడే ఉన్నాయి. పైన గుట్టమీద తాబ్ల్యా అనే గుండ్రటి బురుజు 1833 నాటిది. దాని మీద తుర్కుల తలలు కట్టి ప్రదర్శించేవారు. అది దాచుకోవాల్సిన విషయం కాదు. తెగల పగలతో రగిలే ఊరు ఎక్కడ మొదలై, చట్టంతో నడిచే దేశం ఎక్కడికి చేరిందో కొలవడానికి ఆ బురుజే గుర్తు.

పక్కనే న్యెగోష్ 1838లో కట్టించుకున్న బిల్యార్దా, 25 గదుల రాతి భవనం. కొండమీదికి మోయించి తెప్పించిన బిలియర్డ్స్ బల్ల వల్ల ఆ పేరొచ్చింది. దాని చివర గాజు గదిలో మొత్తం మాంటెనెగ్రో ఎత్తుపల్లాల నమూనా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఊరిని ఆక్రమించిన ఆస్ట్రియా-హంగరీ సైన్యం చేయించింది. దీని ముందు కనీసం పావుగంట గడపమని మా గట్టి సలహా. నిక్షిచ్ నుంచి స్పూజ్ దాకా జెతా లోయను వేలితో గీసుకోండి. 1878కి ముందు ఆ లోయ రెండు కొసల్లోనూ ఒట్టోమన్ కోటలుండేవి. అవి కలిస్తే దేశం నడుమకు తెగి రెండుగా అయిపోతుంది. 1853, 1862, 1877 యుద్ధాల్లో ఒట్టోమన్ సేనాపతులందరూ అదే ప్రయత్నం చేశారు. అయిదో రోజు ఆ లోయలోంచే ప్రయాణం.

సంస్థానం ఏర్పడ్డ కథకి వద్దాం. న్యెగోష్ తర్వాత వారసుడిగా వచ్చిన దానిలో పెట్రోవిచ్‌కి బిషప్ కావాలని లేదు, పెళ్ళి చేసుకోవాలని ఉంది. రష్యా చక్రవర్తి మొదటి నికొలాయ్ ఒప్పుకున్నాడు. 1852లో మతపీఠం, సింహాసనం వేరయ్యాయి. ఒట్టోమన్లు దీన్ని తిరుగుబాటుగా చూసి ఒమర్ పాషా లాతాస్‌ను సైన్యంతో పంపారు. ఆస్ట్రియా మధ్యలోకి వచ్చి 1853లో ఆపించింది. 1855లో ప్రిన్స్ దానిలో రెండు పనులు చేశాడు. త్రియెస్తె వర్తక కుటుంబానికి చెందిన దారింకాను పెళ్ళాడాడు, 95 అధికరణాల చట్టం తెచ్చాడు. ఆ చట్టం ప్రకారం హంతకుడి మీద తప్ప అతని అన్నదమ్ములు, బంధువుల మీద పగ తీర్చుకోకూడదు. వంశాలకు వంశాలు చచ్చిపోయే ఆచారానికి అది మొదటి అడ్డుకట్ట.

కానీ చట్టం, పన్ను రెండూ కత్తితోనే వచ్చాయి. ఎదురుతిరిగిన తెగల మీదికి ప్రిన్స్ దానిలో అన్న మిర్కో సైన్యంతో వెళ్ళాడు. 1856లో కూచి తెగ మీద జరిగిన దాడిలో పిల్లల్ని, ముసలివాళ్ళని కూడా వదల్లేదు. బ్యెలోపావ్లిచి జనం కూడా అలాంటి దెబ్బలు తిన్నవాళ్ళే. కోటోర్ ఒడ్డున పేలిన తుపాకీ అక్కడ నింపింది. దేశనిర్మాతగా ప్రిన్స్ దానిలోని పొగిడే పలకలు ఊరంతా ఉన్నాయి గానీ, కూచి పేరు వాటిమీద లేదు. అది కూడా తెలుసుకునే ఆయన చట్టాన్ని మెచ్చుకోవాలి.

మధ్యాహ్నం నికోలా భవనం. ప్రిన్స్ దానిలోకి కూతురే తప్ప కొడుకు లేడు. అందుకని మిర్కో కొడుకు, ప్యారిస్‌లో చదువుకున్న 18 ఏళ్ళ కుర్రవాడు గద్దెనెక్కాడు. 1860ల్లో కట్టిన ఈ ఇల్లు రాజభవనం అనడానికి చాలా చిన్నది. మన పాత జమీందారీ కోటలు చూసినవాళ్ళకి ఆశ్చర్యం వేస్తుంది. ఇంటి ముందు చెట్టు కింద కూర్చుని నికోలా ప్రజల తగాదాలు విని తీర్పు చెప్పేవాడు. లోపల కుటుంబ చిత్రాల గోడల్ని నెమ్మదిగా చూడండి. మొత్తం 12 మంది పిల్లలు, అందులో 9 మంది ఆడపిల్లలు. జోర్కాను సెర్బియా సింహాసనం ఆశిస్తున్న పీటర్ కరజార్జెవిచ్‌కి 1883లో ఇచ్చారు. మిలిత్సా, స్తానా రష్యా రాజకుటుంబంలోకి వెళ్ళారు. యెలెనా 1896లో ఇటలీ యువరాజుని చేసుకుని, నాలుగేళ్ళకి ఆ దేశపు రాణి అయింది. యూరప్‌కి మామగారు అని నికోలాకి పేరు రావడం ఊరికే కాదు. ఆ వియ్యాలు వేడుకలు మాత్రమే కావు. అప్పులు, తుపాకులు, రైలు దారి, సంధి బల్లల దగ్గర మాట సాయం, అన్నీ ఆ దారినే వచ్చాయి.

1878లో స్వాతంత్ర్యం గుర్తించాక ఈ పల్లెటూరికి పెద్ద రాజ్యాల రాయబారులు వరస కట్టారు. రష్యా, ఆస్ట్రియా-హంగరీ, ఫ్రాన్స్, ఇటలీ, బ్రిటన్, తుర్కీ రాయబార భవనాలు నడిచే దూరంలోనే ఉన్నాయి, గంటన్నరలో చుట్టేయొచ్చు. ఫ్రాన్స్, ఇటలీ భవనాలు ఇప్పుడు జాతీయ గ్రంథాలయానివి. ప్రభుత్వ భవనంలోని మ్యూజియంలో ఒట్టోమన్లతో జరిగిన 1876 వూచి దోల్ యుద్ధపు జెండా ఉంది, బట్టకంటే తూటా రంధ్రాలే ఎక్కువ. టికెట్ కౌంటర్ దగ్గర ఉమ్మడి టికెట్ అడగండి. చలికాలంలో కొన్ని విభాగాలు తొందరగా మూసేస్తారు, ఏవి తెరిచి ఉన్నాయో ముందే అడిగితే నడక కలిసొస్తుంది.

పలకల మీద, పత్రాల మీద తేదీలు చదివేటప్పుడు జాగ్రత్త. సంస్థానం పాత జూలియన్ క్యాలెండర్ వాడింది. 19వ శతాబ్దపు తేదీకి 12 రోజులు, 20వ శతాబ్దపు తేదీకి 13 రోజులు కలపాలి. రాజ్యప్రకటన పాత లెక్కన ఆగస్టు 15, మన లెక్కన 28. రెండు పుస్తకాల్లో ఒకే యుద్ధానికి రెండు తేదీలుంటే చాలాసార్లు కారణం ఇదే.

సాయంత్రం చివరగా వ్లాహ్ చర్చి. 15వ శతాబ్దపు చిన్న గుడి, చుట్టూ ఇనుప కంచె. దూరం నుంచి మామూలు ఊచల్లా ఉంటుంది. దగ్గరికెళ్ళి చెయ్యి వేసి చూస్తే ఊచలన్నీ తుపాకీ గొట్టాలు. యుద్ధాల్లో తుర్కుల నుంచి పట్టుకున్నవి, మొత్తం 1,544. ఇనుము కొనే స్తోమత లేని దేశం గెలిచిన ఇనుముతోనే గుడికి కంచె వేసుకుంది.

నాలుగో రోజు: చెవో, గ్రాహోవో, నిక్షిచ్

త్సెటిన్యే నుంచి చెవో మీదుగా నిక్షిచ్‌కి పాత రోడ్డు రెండు గంటలు పడుతుంది. దారిలో పెట్రోలు బంకుల మీద ఆశ పెట్టుకోవద్దు, ట్యాంకు నింపుకునే కదలండి. రాళ్ళు, పొదలు, అక్కడక్కడా నాలుగిళ్ళు తప్ప ఏమీ ఉండవు. పాత మాంటెనెగ్రో అంటే ఇదే అని ఈ రెండు గంటలు చెప్పినంత బాగా ఏ మ్యూజియమూ చెప్పలేదు.

నిక్షిచ్‌లో సామాను దించి, విలుసి మీదుగా గ్రాహోవో వెళ్ళిరండి. మంచి రోడ్డు, గంట లోపే. 1858 మేలో ఇక్కడి గ్రాహోవాట్స్ మైదానంలో మిర్కో సేన హుసేన్ పాషా సైన్యాన్ని చిత్తు చేసింది. ఫిరంగులు, తుపాకులు పెద్దసంఖ్యలో చిక్కాయి. అంతకంటే విలువైంది తర్వాత జరిగింది. పెద్ద రాజ్యాల కమిషన్ వచ్చి మాంటెనెగ్రోకి, ఒట్టోమన్ సామ్రాజ్యానికి మధ్య సరిహద్దు రాళ్ళు పాతింది. మాంటెనెగ్రో తమ రాష్ట్రమేనని ఒట్టోమన్ల వాదన. కానీ ఒక దేశానికీ దాని సొంత రాష్ట్రానికీ మధ్య అంతర్జాతీయ సరిహద్దు ఉండదు కదా. స్వాతంత్ర్యం అన్న మాట కాగితం మీద పడడానికి ఇరవై ఏళ్ళ ముందే అది నేలమీద పడింది. గ్రాహోవో ఊళ్ళో కనిపించే పెద్ద స్మారకం మాత్రం రెండో ప్రపంచయుద్ధంలో ఆక్రమణదారులతో పోరాడిన గెరిల్లాలు పార్టిజాన్లది. చాలామంది దాన్నే 1858 స్మారకం అనుకుని ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు.

సాయంత్రం నిక్షిచ్ పాతకోట. 1877 జూన్‌లో సులేమాన్ పాషా తొమ్మిది రోజులు పోరాడి జెతా లోయను దాటి స్పూజ్ చేరాడు. దేశం పనైపోయిందనుకున్నారు. అదే సమయంలో రష్యన్లు డాన్యూబ్ దాటడంతో ఆ సైన్యాన్ని బల్గేరియాకి పిలిపించుకున్నారు. ఖాళీ దొరకగానే నికోలా నిక్షిచ్‌ను ముట్టడించి సెప్టెంబరు 8న తీసుకున్నాడు. ఊరి తిన్నటి వీధులు, గుండ్రటి కూడళ్ళు ఆ తర్వాత 1883లో స్లాదే గీసిన ప్లాను. కొండ రోడ్డు వేసిన ఇంజనీరే. గుట్టమీది సెయింట్ వసీలీ చర్చిలో ఆ యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ పేర్లు రాయించారు.

అయిదో రోజు: జెతా లోయ, పోద్గోరిట్సా

ఊరి దక్షిణాన కొన్ని కిలోమీటర్ల దూరంలో జార్ వంతెన ఉంది, 1894 నాటి స్లాదే పనే. పద్దెనిమిది కమానులు, 269 మీటర్లు, డబ్బు రష్యా జార్ మూడో అలెగ్జాండర్ ఇచ్చాడు. ఎండాకాలంలో కింద నీళ్ళుండవు, ఇంత వంతెన ఎందుకనిపిస్తుంది. శీతాకాలపు వానల్లో ఆ మైదానం నీటితో నిండిపోతుంది.

తర్వాత ఓస్త్రోగ్ మఠం. నిలువు కొండ చరియలో తెల్లగా ఇమిడిన పై మఠంలో 1853 జనవరిలో మిర్కో ముప్ఫైమందితో తొమ్మిది రోజులు ఒట్టోమన్ సైన్యాన్ని ఆపాడు. పై దాకా రోడ్డు చాలా ఇరుకు, ఆదివారాల్లో భక్తుల కార్లతో ఆగిపోతుంది. కింది మఠం దగ్గర కారు పెట్టి అడ్డదారిన నడిచి ఎక్కడం మేలు. కిందికి దిగాక దానిలోవ్‌గ్రాద్, నికోలా బాబాయి పేరుమీద వెలసిన ప్లాన్డ్ పట్నం. ఆ తర్వాత గుట్టమీద స్పూజ్ కోట. త్సెటిన్యే నమూనాలో వేలితో గీసిన దారి ఇక్కడితో పూర్తవుతుంది.

ఇప్పటి రాజధాని పోద్గోరిట్సా 1879 మొదట్లో చేతికొచ్చింది. రెండో ప్రపంచయుద్ధపు బాంబింగులో పాత ఊరు దాదాపు పోయింది కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు అక్కర్లేదు. పాత పేట స్తారా వారోష్‌లో ఒట్టోమన్ గడియారపు గోపురం, రిబ్నిత్సా వాగుకి ఇవతల 1886లో గళ్ళుగా గీసిన కొత్త పేట, క్రుషెవాట్స్ పార్కులో నికోలా 1891 నాటి శీతాకాలపు భవనం. మూడు గంటలు చాలు.

ఆరో రోజు: రియెకా త్స్రనోయెవిచా, విర్‌పజార్

పాత త్సెటిన్యే రోడ్డు పట్టుకుని పావ్లోవా స్త్రానా మలుపు దగ్గర ఆగండి. గుట్టను చుట్టి గుర్రపు నాడాలా తిరిగే నది పూర్తిగా కనబడేది అక్కడి నుంచే. మధ్యాహ్నం వెలుతురు ఎదురుగా పడుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. కింద రియెకా ఊళ్ళో ప్రిన్స్ దానిలో 1853లో కట్టించిన రాతి వంతెన ఉంది. సముద్రం లేని రోజుల్లో దేశానికున్న ముఖ్యమైన రేవు ఇది. ఇక్కణ్ణుంచి పడవలు స్కదార్ సరస్సులోకి వెళ్ళేవి. చేపలు, ఉప్పు, మొక్కజొన్న బేరమంతా ఇక్కడే సాగేది.

అక్కడి నుంచి విర్‌పజార్‌కి సరస్సు ఒడ్డు వెంబడి రోడ్డు అందమైనదే కానీ ఒక కారు పట్టేంతే. పడవ విహారానికి బేరం చేసేటప్పుడు పడవ మొత్తానికా, తలకింతా అన్నది ముందే తేల్చుకోండి. లెసెన్ద్రో ద్వీపకోట వైపు తీసుకెళ్ళమనండి. 1843లో ఒట్టోమన్లు దాన్ని పట్టుకుని న్యెగోష్ చేపల వ్యాపారం గొంతు నొక్కారు. మళ్ళీ చేతికి రావడానికి 1878 దాకా పట్టింది.

ఏడో రోజు: ఉల్త్సిన్, బార్

సోజినా సొరంగం 4 కిలోమీటర్ల పైన, టోల్ కట్టాలి. సుతోర్మన్ కనుమ మీదుగా పాత రోడ్డు ఉచితం, గంట ఎక్కువ. ముందు ఉల్త్సిన్ వెళ్ళి మధ్యాహ్నం బార్‌కి వెనక్కి రండి. రెంటికీ మధ్య 26 కిలోమీటర్లు.

1878 జనవరిలో నికోలా సేన బార్‌ను, ఉల్త్సిన్‌ను కూడా గెలిచింది. బెర్లిన్‌లో పెద్దలు కూర్చుని ఉల్త్సిన్‌ను ఒట్టోమన్లకు తిరిగిచ్చేసి, బదులుగా ప్లావ్, గుసిన్యే కొండసీమలు ఇచ్చారు. అక్కడి అల్బేనియన్లు ఆయుధాలు పట్టి మాంటెనెగ్రో సేనను అడుగుపెట్టనివ్వలేదు. చివరికి లెక్క తిరగేసి మళ్ళీ ఉల్త్సినే ఇవ్వాలని తేల్చారు. సుల్తాను నాన్చడంతో 1880 శరత్కాలంలో బ్రిటిష్ అడ్మిరల్ సేమూర్ నాయకత్వంలో ఆరు దేశాల యుద్ధనౌకలు ఈ తీరం ముందుకొచ్చి నిలబడ్డాయి. ఒట్టోమన్ సేనాపతి దర్వీష్ పాషా స్థానిక అల్బేనియన్ల ప్రతిఘటనను తానే అణచి, నవంబరు 26న ఊరు అప్పగించాడు. చాలా ముస్లిం కుటుంబాలు ఒట్టోమన్ల చేతిలోనే ఉన్న ష్కోద్రా పట్నానికి వలసపోయాయి. సంస్థానం గెలుపు కథలో వాళ్ళు పోగొట్టుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. పాతకోటలో ఒకే గోడల మధ్య చర్చిగా, ఆపైన మసీదుగా ఉన్న మ్యూజియం చూడండి. ఊళ్ళో ఇప్పటికీ అల్బేనియనే ఎక్కువ వినిపిస్తుంది.

స్తారి బార్ అంటే కొండవాలు మీద శిథిల నగరం. 1877-78 ముట్టడిలో ఫిరంగులు దాన్ని బాగా దెబ్బతీశాయి. 1881లో మందుగుండు నిల్వ పేలి పెద్ద చర్చి ఎగిరిపోయింది. 17 కమానుల నీటి వంతెన 1979 భూకంపం తర్వాత తిరిగి కట్టినది. రాళ్ళు నునుపుగా ఉంటాయి, వాన పడితే జారుతారు, పట్టున్న బూట్లు వేసుకోండి.

సముద్రం దొరికిందనుకుంటే దానికీ తాళం వేశారు. బెర్లిన్ ఒప్పందం 29వ అధికరణం ప్రకారం మాంటెనెగ్రోకి యుద్ధనౌకలు ఉండకూడదు, తీర కాపలా ఆస్ట్రియా-హంగరీది. పక్కనున్న స్పీచ్, అంటే నేటి సుతోమోరె కూడా ఆస్ట్రియాకే పోయింది. బార్ రేవు వాళ్ళ కొండల నీడలో ఉండిపోయింది. ఆ షరతులు సడలింది ఆస్ట్రియా-హంగరీ బోస్నియాను కలిపేసుకోవడంతో వచ్చిన సంక్షోభం తర్వాత 1909లో. ఈలోగా ఇటలీ వియ్యం ఫలించింది. 1904 ఆగస్టులో వోలూయిత్సా కొండమీద మార్కోనీ రేడియో కేంద్రం మొదలై ఇటలీలోని బారితో మాట్లాడింది. ఇటాలియన్ పెట్టుబడితో ఏర్పడ్డ బార్ కంపెనీ రేవు కట్టింది. సుతోర్మన్ కొండ మీదుగా విర్‌పజార్‌కి 43 కిలోమీటర్ల రైలు వేసింది. 750 మిల్లీమీటర్ల న్యారోగేజ్, 1908లో ప్రారంభం, దేశంలో మొదటి రైలు. మీరు పొద్దున అరగంటలో దాటిన కొండని ఆ చిన్న ఇంజన్లు మెలికలు తిరుగుతూ ఎక్కేవి. 1959లో కొత్త లైను రావడంతో అది మూతపడింది.

తోపోలిత్సాలో సముద్రపు ఒడ్డున 1885 నాటి రాజభవనం, దాని తోట చూసి యాత్ర ముగించొచ్చు. పెద్దకూతురు జోర్కా, అల్లుడు పీటర్ కోసం కట్టించిన ఇల్లు. జోర్కా 1890లో చనిపోయింది. అల్లుడు 1903లో సెర్బియా రాజయ్యాడు, అప్పటి నుంచి మామా అల్లుళ్ళ మధ్య ఎవరి జెండా ముందుండాలన్న పోటీ పెరిగింది. 1905 డిసెంబరులో నికోలా తనంతట తానే రాజ్యాంగం ఇచ్చినా, అడిగినవాళ్ళకి అది చాలలేదు. 1907లో నికోలా మీద కుట్ర పన్నారన్న బాంబుల కేసు, 1909లో కొలాషిన్ ఊళ్ళో ప్రత్యర్థులకు మరణశిక్షలు. 1910 ఆగస్టులో పాలనకు యాభై ఏళ్ళు నిండినప్పుడు శాసనసభ కోరగా కిరీటం పెట్టుకున్నాడు. ఉత్సవానికి ఇటలీ రాజదంపతులు, బల్గేరియా రాజు ఫెర్డినాండ్, సెర్బియా, గ్రీస్ యువరాజులు త్సెటిన్యేకి వచ్చారు.

కారు బార్‌లోనే అప్పగించి పోద్గోరిట్సా విమానాశ్రయానికి రైల్లో వెళ్ళడం తేలిక. ప్రయాణం సుమారు గంట, టికెట్ స్టేషన్ కిటికీ దగ్గర కొనుక్కోవచ్చు. విర్‌పజార్ దాటాక రైలు సరస్సు మధ్య కట్టమీదుగా పోతుంది. ఆ కట్ట పక్కనే లెసెన్ద్రో కోట గోడలు మరోసారి దగ్గరగా కనిపిస్తాయి.